విశాలాక్షి గారి రిజిస్టరు, అల్లుడి పైథాన్

కాల్గరీలో విశాలాక్షి గారికి ఫోను చేసేవాళ్లు ముందుగా క్షమాపణ చెప్పుకుంటారు. "మిమ్మల్ని మళ్లీ విసిగిస్తున్నాను" అని మొదలుపెట్టి, ఆ తర్వాత పని చెబుతారు. ఆవిడ నిజంగానే విసుక్కుంటారు. ఏ డాక్టరు, ఏ రోజు, మెట్లు ఎక్కగలరా అని మూడు ప్రశ్నలు ఒకే ఊపిరిలో అడిగి, అవతలివాళ్లు కృతజ్ఞతలు చెప్పేలోపు ఫోను పెట్టేస్తారు. ఆ రోజు ఆ వేళకు వాళ్ల ఇంటి ముందు కారు మాత్రం వచ్చి నిలబడుతుంది. తొమ్మిదేళ్లుగా అదే తీరు. ఈ జనవరిలో మూడు వారాలపాటు ఆ తీరు ఎలా తప్పిందో, ఎవరివల్ల తప్పిందో రాయాలని కూర్చున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆవిడకు అరవై నాలుగేళ్లు. పుట్టింది తెనాలిలో. కాల్గరీ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. అందులో ఇరవై రెండేళ్లు గ్యాస్ పైపుల కంపెనీ ఒకదానిలో డేటాబేస్ చూసుకునే ఉద్యోగం చేశారు. భర్త పోయాక మానేశారు. ఉద్యోగం మానేసినవాళ్లు విశ్రాంతి తీసుకుంటారని చాలా దేశాల్లో విన్నాను గానీ ఎక్కడా చూడలేదు. ఈవిడ భోజనాల బల్ల మీద ఒక కంప్యూటరు, రెండు ఫోన్లు పెట్టుకుని ఇంకో ఉద్యోగం మొదలుపెట్టారు. ఊళ్లో కారు నడపడం మానేసిన తెలుగు పెద్దవాళ్లు ముప్పై ఎనిమిదిమంది. వాళ్లను ఆసుపత్రులకు, కళ్ల డాక్టర్లకు, రక్తపరీక్షలకు తీసుకెళ్లి తీసుకొచ్చే డ్రైవర్లు పదకొండుమంది, అందరూ ఊరికే చేసేవాళ్లే. ఎవరిని ఎవరు ఎప్పుడు తీసుకెళ్లాలన్నది ఆవిడ రిజిస్టరు చెబుతుంది.

రిజిస్టరు అన్నది ఆవిడ మాటే. అసలుకు అది డేటాబేసు. దాన్ని ఎవరూ నేరుగా ముట్టుకోకూడదన్నది ఆవిడ పెట్టిన మొదటి నియమం. ఏం కావాలన్నా స్టోర్డ్ ప్రొసీజర్‌ని పిలవాలి. అంటే డేటాబేస్ లోపలే రాసి ఉంచిన ఒక పని వరస. బయటివాడు దాన్ని పేరుపెట్టి పిలిచి వివరాలు అందిస్తే, లోపల జరగాల్సినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. మన సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో కాగితం కిటికీలోంచి అందిస్తామే తప్ప లోపలికి వెళ్లి పుస్తకంలో మనం రాయం కదా, అలాగన్నమాట. ఆవిడ ప్రొసీజరు ఆరువందల లైన్లు. డ్రైవర్లలో ఎవరు హైవే ఎక్కరో, ఎవరి కారు ఎత్తుగా ఉండి మోకాళ్ల నొప్పులవాళ్లకు పనికిరాదో, ఎవరికి ఎవరితో మాటల్లేవో, అన్నీ అందులో ఉన్నాయి.

రాహుకాలం కూడా ఉంది. పట్టింపు ఉన్నవాళ్లు పద్నాలుగుమంది, వాళ్లు ఆ వేళలో గడప దాటరు. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒకటి రాహుకాలం. తెనాలిలో అది ఏడాదంతా గంటన్నర అటూఇటూ. కాల్గరీలో జనవరి పగలు ఎనిమిది గంటలకు కాస్త ఎక్కువ, కాబట్టి రాహుకాలం గంటే. జూన్‌లో రెండు గంటలు దాటుతుంది. ఇండియా క్యాలెండరు చూసి పిలిచేవాళ్లతో ఆవిడ మూడేళ్లు వాదించి, చివరికి ఈ ఊరి సూర్యోదయాన్ని లెక్కకట్టే కోడు తానే రాసి, వాదన మూసేశారు. రాహువుకు టైమ్‌జోన్ చూపించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మార్కమ్‌లో మేనల్లుడి ఇంట్లో నాలుగు నెలలు కూర్చునేసరికి కాళ్లు లాగి, అక్టోబరులో ఇక్కడికొచ్చాను. ఈవిడ వీధి చివర ఒక బేస్‌మెంటులో దిగాను. ఉదయంపూట రెండు గంటలు ఫోన్లు ఎత్తే పని నాకు అప్పజెప్పారు. అందువల్ల ఇక్కడ రాసేది చాలావరకు నేను చూసిందే.

డిసెంబరులో పాత కంప్యూటరు చచ్చిపోయింది. దానిలోని పాత ప్రోగ్రాము కొత్త కంప్యూటరులో నడవనని మొరాయించింది. డేటాబేస్ వేరేచోట భద్రంగానే ఉంది గానీ దాన్ని పిలిచే కిటికీ పోయింది. అప్పుడు అల్లుడు ముందుకొచ్చాడు. పేరు కిరీటి, వయసు ముప్పై ఆరు, సొంతూరు హన్మకొండ. స్టూడెంటుగా వచ్చి, డౌన్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడినవాడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వెబ్‌సైటు రాసిపెడతానని, ఇకమీద పెద్దవాళ్లు తమ ఫోన్ల నుంచే కారు బుక్ చేసుకోవచ్చని భార్య నీరజతో చెప్పించాడు. నీరజ విశాలాక్షి గారి ఒక్కగానొక్క కూతురు. మోకాళ్లు, నడుములు బాగుచేసే ఫిజియోథెరపిస్టు. డేటాబేస్ అంటే ఆమెకు పట్టదు, పట్టించుకోవాలనీ లేదు.

"భార్యతో చెప్పించాడు" అన్నానే, కష్టమంతా అక్కడే మొదలైంది. విశాలాక్షి గారి ఇంటి మర్యాదలో అల్లుడికి అత్తగారు తప్పు చూపించదు. అల్లుడు అత్తగారికి పని పురమాయించడు. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నా, ఆవిడ "అల్లుడుగారికి ఇంకొంచెం పప్పు వెయ్యవే" అని కూతురితో అంటారు. అతను "అత్తమ్మను చాలనమను" అని భార్యతో అంటాడు. పప్పు విషయంలో ఇది ముచ్చటగానే ఉంటుంది. రిజిస్టరులో పడే ట్రాన్సాక్షన్ల విషయంలో ప్రాణాంతకం.

పైథాన్‌వాళ్లకు ఒక టూల్‌కిట్ ఉంది. డేటాబేసులోని వరసలను, అంటే ఒక్కొక్క నమోదును, మామూలు వస్తువుల్లాగా చేతికందిస్తుంది, రాసేవాడికి శ్రమ తగ్గిస్తుంది. ప్రొసీజర్లను పిలవడం కూడా దానికి వచ్చుగానీ, పెద్ద ఇష్టం ఉన్నట్టు కనిపించదు. అది ఒక వ్యవహారం మొదలుపెట్టి, 'కమిట్' అని మనం నోరు తెరిచి చెప్పేదాకా దేన్నీ ఖాయం చెయ్యదు. చెప్పకుండా బయటికి వచ్చేస్తే జరిగిందంతా చెరిపేస్తుంది. మామూలు వస్తువులతో పనిచేసేటప్పుడు కిరీటి కమిట్ రాశాడు. అత్తగారి ప్రొసీజరు పిలిచినచోట మాత్రం మరిచాడు. లోపల అంత పెద్ద ప్రొసీజరు ఉంది కదా, అదే చూసుకుంటుందనుకున్నాడట. దాంతో జనవరి రెండున కొత్త సైటు మొదలైనప్పటినుంచి, ఎవరు బుక్ చేసినా తెర మీద పచ్చగా 'నమోదైంది' అని వచ్చేది. రిజిస్టరులో ఏమీ ఉండేది కాదు.

విశాలాక్షి గారు మొదటి రోజే పట్టేశారు. డేటాబేస్ తాను చేసినవన్నీ రాసుకునే చిట్టా, అంటే లాగ్ చూసి, "ప్రొసీజరు వచ్చింది, పని చేసింది, అంతా చెరిపేసుకుని వెళ్లింది. కమిట్ లేదు" అని నాతో అన్నారు. మరి అల్లుడికి చెప్పండి అన్నాను. ఆవిడ నావైపు చూసిన చూపుకి నేను ఫోను ఎత్తి, మోగకపోయినా హలో అన్నాను.

సాయంత్రం నీరజతో చెప్పారు. అల్లుడుగారు రాసింది చాలా బాగుంది, ఎప్పుడైనా తీరిక దొరికితే ఖాయం అవుతున్నాయో లేదో ఒకసారి చూస్తే మంచిదేమో అని. నీరజ ఇంటికెళ్లి ఆ తీరిక ఒక్కటే అందించింది. అమ్మకు సైటు తెగ నచ్చేసింది, ఏదో చిన్నది చూడమంది, అర్జెంటు కాదు. సుల్తానుల కొలువుల్లో దుబాసీలు ఉండేవారని ఇస్తాంబుల్‌లో ఒక పాత పుస్తకాల కొట్టులో కూర్చుని చదివాను. రాజుగారి ఉత్తరంలోని పొగరును అనువదించేటప్పుడు వినయంగా మార్చేవారట, ఇటునుంచి అటు వెళ్లే గర్జనను కూడా పలకరింపు చేసేవారట. రెండు పక్షాలూ అవతలివాడు లొంగాడనుకుని తృప్తిగా ఉండేవి. యుద్ధాలు మాత్రం ఆగలేదు. నీరజ ఆ దుబాసీల పని చేస్తోందని ఆమెకే తెలియదు.

కిరీటి ఆరు రోజులకు చూశాడు, కమిట్ పెట్టాడు. ఆ ఆరు రోజులూ మేమిద్దరం ఫోన్లమీదే బండి నడిపాం. పెట్టాక అసలు కష్టం మొదలైంది.

ఆవిడ ప్రొసీజరు నాలుగు మెట్లు దిగుతుంది. ముందు బుక్ చేసిన మనిషిని సరిచూస్తుంది, సరిపోయినట్టు గుర్తు పెడుతుంది. తర్వాత డ్రైవరును వెతికి అతనికి ఆ వేళకు తీరిక లేదని రాస్తుంది. ఆ తర్వాత ప్రయాణం వివరాలు రాస్తుంది. చివరికి డ్రైవరు ఫోనుకు కబురు పెడుతుంది. మెట్టు దిగినప్పుడల్లా డేటాబేస్ బయటికి ఒక జవాబు పంపుతుంది, ఇన్ని వరసలు మారాయి అని. కిరీటి రాసిన పైథాన్ మొదటి జవాబు వినగానే పని అయిపోయిందనుకుని కిటికీ మూసేసేది. ఒక్కోసారి నాలుగు మెట్లూ గబగబా అయిపోయేవి. డ్రైవరు కోసం వెతకడం ఆలస్యమైన రోజున, కిటికీ మూసుకున్న చప్పుడుకి ప్రొసీజరు రెండో మెట్టు మీదే ఆగేది. ఇప్పుడు కమిట్ ఉంది కాబట్టి ఆ సగం పని చెరిగిపోదు, ఖాయమై కూర్చుంటుంది. డ్రైవరుకు తీరిక లేదు. ప్రయాణం లేదు. కబురు లేదు. తెర మీద మాత్రం పచ్చగా 'నమోదైంది'.

కిరీటి మూడు రోజులకు విషయం గ్రహించాడు. ప్రొసీజరు మొదట్లో 'సెట్ నోకౌంట్ ఆన్' అని ఒక లైను ఉంటే ఆ నడుమ జవాబులు ఉండవు. ఈ పని తెలిసినవాళ్లు చెయ్యి కడుక్కున్నంత అలవాటుగా ఆ లైను పెడతారట. అత్తగారి ప్రొసీజరులో అది లేదు. ఆ ఒక్క లైను పెట్టమని అడగాలి. అడగలేక, టూల్‌కిట్ అడుగున ఉన్న కనెక్షన్‌ని బయటికి లాగి, ఒక్కొక్క జవాబునూ ఓపిగ్గా చదివే కోడు రాయడం మొదలుపెట్టాడు. ఎనభై లైన్లయింది. ఇంకా అవుతూనే ఉంది.

ఇటు విశాలాక్షి గారికి సగం రాతలు కనబడ్డాయి. అల్లుడు మళ్లీ ఏదో పొరపాటు చేశాడనుకున్నారు. ఒకసారి చెప్పించాను, మళ్లీ చెప్పిస్తే చిన్నబుచ్చుకుంటాడు అనుకుని, గంటకోసారి లేచి సగం రాతలను వెతికి తుడిచేసే ఇంకో ప్రొసీజరు, ఒక ఊడ్పు లాంటిది, రాశారు. ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా అప్పట్లో చెప్పలేదు. తుడిచినవాటిని మళ్లీ బుక్ చెయ్యడానికి ఒక చీటీ మీద రాసుకునేవారు. ఇంతకన్నా ఏం చెప్పను, ఒక్క మాట అనలేక ఇద్దరు చదువుకున్న మనుషులు పదకొండు రోజులపాటు ఒకరి వెనక ఒకరు కోడు రాశారు.

జనవరి ఇరవై, మంగళవారం. అమరేశ్వరరావు గారికి మధ్యాహ్నం డయాలిసిస్. ఆయన డెబ్బై ఎనిమిదేళ్ల రిటైర్డ్ జియాలజిస్టు, భార్య లేరు, నది పక్క అపార్టుమెంటులో ఒక్కరే ఉంటారు. మంగళ, గురు, శనివారాల్లో యంత్రం పక్కన నాలుగు గంటలు కూర్చుని రావాలి. దిగేటప్పటికి కళ్లు తిరుగుతుంటాయి, ఎవరైనా చెయ్యి పట్టుకుని ఇంటి తలుపుదాకా దించాలి. టాక్సీ సరిపోనిది అందుకే. సోమవారం ఆయన మొదటిసారి తన ఫోను నుంచే బుక్ చేసుకున్నారు. పచ్చగా 'నమోదైంది' చూసి నాకు ఫోను చేసి గొప్పగా చెప్పుకున్నారు కూడా. ప్రొసీజరు రెండో మెట్టు మీద ఆగింది. విశాలాక్షి గారి ఊడ్పు గంటలోపే వచ్చి ఆ సగాన్ని తుడిచేసింది. ఆ పూట ఆవిడ పంటి డాక్టరు దగ్గర ఉన్నారు, చీటీ మీద రాసుకోలేదు.

ఆయన కోటు, టోపీ, బూట్లు వేసుకుని కింద లాబీలో గంటన్నర కూర్చున్నారు. బయట మైనస్ ఇరవై ఏడు. మాకు ఫోను చెయ్యలేదు. ఎవరో మంచులో చిక్కుకుని ఉంటారు, నడుపుతున్నవాణ్ని కంగారు పెట్టడం దేనికనుకున్నారట. ఆయన్ను ఎప్పుడూ తీసుకెళ్లే డ్రైవరు శంకర్ ఆ పూటంతా ఇంట్లో ఖాళీగా కూర్చుని టీవీలో మంచు మీద రాళ్లు జార్చే కర్లింగ్ పోటీలు చూస్తున్నాడు. మనిషి రాలేదని ఆసుపత్రివాళ్లు ఆయన కొడుక్కి ఫోను చేశారు. కొడుకు విశాలాక్షి గారికి చేశాడు. ఆసుపత్రివాళ్లు మర్నాడు ఉదయానికి కుర్చీ సర్దారు, శంకర్ దించివచ్చాడు. ఒంటికి పెద్ద హాని జరగలేదు.

కొడుకు పేరు అచ్యుత్. విమానంలో నాలుగు గంటల దూరమున్న ఓక్‌విల్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఫోను స్పీకర్‌లో ఉంది కాబట్టి నేనూ విన్నాను. గొంతు పెంచలేదు.

"ఆంటీ, మిమ్మల్ని బ్లేమ్ చెయ్యట్లేదు. తొమ్మిదేళ్లుగా మీరు చేస్తోంది నాకు తెలుసు. కానీ మీ సిస్టమ్‌లో మా నాన్న పేరే లేదంటున్నారు. శనివారం మీరెవరూ వెనకనుంచి ఫోన్లు చెయ్యకుండా, ఆయన బుక్ చేసుకుంటే కారు రావాలి. రాకపోతే ఆదివారం ఫ్లైట్‌కి వచ్చి నాన్నని ఇక్కడికి తీసుకొచ్చేస్తాను. ఇక్కడ డయాలిసిస్‌కి ఇప్పటికే అప్లై చేశా."

ఆవిడ సరేనన్నారు.

గంట తర్వాత అమరేశ్వరరావు గారు ఫోను చేశారు. ఆయనా క్షమాపణతోనే మొదలుపెట్టారు. "విశాలాక్షి గారూ, వాడు మంచివాడే. ఇల్లు కూడా బాగుంటుంది. కానీ పొద్దున్న ఏడింటికి అందరూ వెళ్లిపోతే, సాయంత్రం ఆరింటిదాకా ఆ ఇంట్లో నేనూ డిష్‌వాషరూ. ఇక్కడ పక్క కుర్చీలో ఫిలిప్పీన్స్ ఆయన ఉన్నాడు. నాలుగు గంటలూ ఇద్దరం ఒంటిచేత్తో పేకాడుకుంటాం. రెండో చేతికి సూదులుంటాయి కదా. నాకు మిగిలిన షికారు అదే. ఈ శనివారం ఒక్కటి చూడండి."

ఫోను పెట్టేశాక, ఇప్పుడైనా అల్లుడితో మాట్లాడతారేమోనని ఆశపడ్డాను. ఆవిడ లేచి, ఊడ్పు సంగతి నాకు మొదటిసారి చెప్పి, దాన్ని గంటకోసారి బదులు పావుగంటకోసారి నడిచేలా మార్చారు. నాకు కుర్చీ ఎత్తి నేలకు కొట్టాలనిపించింది.

గురువారం సాయంత్రం ఐదింటికి నీరజా కిరీటీ వచ్చారు. ఆ పూట అమరేశ్వరరావు గారిని శంకర్ ఫోను మీదే కుదుర్చుకుని తీసుకెళ్లాడు. బల్ల మీద ఉప్మా ఉంది. నీరజ ఒక్కతే మాట్లాడుతోంది, ఎందుకంటే ఇద్దరూ ఆమెతోనే మాట్లాడుతున్నారు. శనివారం సంగతి ఏమవుతుందో అల్లుడుగారిని అడగమని తల్లి అన్నారు. తాను చేస్తూనే ఉన్నానని, అత్తమ్మ వైపునుంచి కూడా ఒకసారి చూసుకుంటే బాగుంటుందని భర్త అన్నాడు. నీరజ చెంచా పళ్లెంలో పెట్టింది.

"అమ్మా, ఐ ఫిక్స్ నీస్. మోకాళ్లు. మీ ఇద్దరి మధ్య ఏం చెప్తున్నానో నాకే తెలీదు. నాకు అర్థం కానిది నేను స్వీట్‌గా చెప్పేస్తున్నా, ఓకే? ఆ అంకుల్ లాబీలో కూర్చోడానికి నేను కూడా రీజన్. ఇంక నేను చెప్పను. మీరూ మీరూ మాట్లాడుకోండి."

కోటు వేసుకుని, పార తీసుకుని, ముందు వాకిట్లో మంచు ఎత్తడానికి వెళ్లిపోయింది. పార నేలకు రాసుకునే చప్పుడు లోపలికి వినిపిస్తూ ఉంది. నేను లేవబోతే విశాలాక్షి గారు చేత్తో కూర్చోమన్నారు. నన్ను కొత్త దుబాసీగా పెట్టుకుంటారేమోనని భయం వేసింది. గోడవైపు తిరిగి కూర్చున్నాను.

ముందు కిరీటి మాట్లాడాడు. పళ్లెంలోకి చూస్తూ.

"అత్తమ్మా, మీ ప్రొసీజర్ల పైన ఒక లైన్ లేదు."

"ఏ లైను?"

"సెట్ నోకౌంట్ ఆన్."

ఆవిడ నీళ్లు తాగారు. "లేదు. నేనే తీసేశాను. పాత ప్రోగ్రాము ప్రతి మెట్టుకీ ఎన్ని వరసలు మారాయో లెక్క చూసుకుని ముందుకెళ్లేది. ఆ లెక్క లేకపోతే ఆగిపోయేది. అందుకని తీసేశాను. ఎన్నాళ్లుగా తెలుసు మీకు?"

"పదకొండు రోజులు."

"పదకొండు రోజులు తెలిసి ఏం చేస్తున్నారు?"

"మీ జవాబులన్నీ చదివేటట్టు నా దిక్కు కోడ్ రాస్తున్న. ఎనభై లైన్లయింది. మీరు ఇక్కడ బుక్ చేసే డెస్క్ పేజీల మంచిగనే నడుస్తుంది, ఫోన్ పేజీకి ఇంకా పెట్టలే."

"ఒక్క లైను అడగలేక ఎనభై లైన్లు రాశారా?"

"ఎట్ల అడుగుతా అత్తమ్మా. మా పెళ్లిచూపుల్ల మీరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న డేటాబేస్ ఇండెక్సుల గురించి. అందరి ముందట తప్పు చెప్పిన."

"తప్పే చెప్పారు. అయినా పిల్లనిచ్చాను కదా."

నాకు నవ్వు వచ్చింది. గోడకేసి నవ్వుకున్నాను. ఆవిడ నవ్వలేదు. తన వంతు వచ్చిందని ఆవిడకు తెలుసు.

"నేనూ ఒకటి చేశాను. మీ సగం రాతల్ని గంటకోసారి తుడిచేసే ప్రొసీజరు పెట్టాను. ఇప్పుడు పావుగంటకోసారి. మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు."

కిరీటి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "అందుకేనా. పొద్దున్న టెస్ట్ చేస్తే సగం కనిపిస్తది, మళ్లొచ్చి చూస్తే ఏం ఉండది. బాగైపోయిందనుకుని పండుకున్న. అత్తమ్మా, ఆ సగం వరసలే నాకు ఆధారం. దొంగ అడుగుజాడలు మీరే ఊడుస్తున్నరు."

"దొంగ ఎవరన్నది ఇంకా తేలలేదు" అన్నారావిడ. "కమిట్ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. ఆరు రోజులు మీ తీరిక కోసం చూశాను."

"మొదటి రోజే చెప్తే ఆ రోజే పెడ్తుంటి."

"చెప్పాను."

"ఎవరికి?"

ఇద్దరూ ఒకేసారి కిటికీలోంచి బయటికి చూశారు. నీరజ మంచును పక్కింటివాళ్ల కంచెమీదికి విసురుతోంది.

ఆ తర్వాత జరిగిన పనికి పట్టుమని ఇరవై నిమిషాలు పట్టలేదు. పళ్లేలు పక్కకు నెట్టి కంప్యూటర్లు రెండూ ముందుకు లాగారు. ఆవిడ ప్రొసీజరు తెరిచి ఆ లైను పెట్టారు. ఊడ్పును ఆపేశారు. కిరీటి తన ఎనభై లైన్లు తీసేశాడు, తీసేటప్పుడు కాస్త బాధపడ్డట్టు కనిపించాడు. ఏదైనా మధ్యలో విరిగితే మొత్తం వెనక్కి పోయేలా నాలుగు మెట్లనూ ఒకే ముడిగా కట్టాలని అతను అన్నాడు. అది తనకు తెలుసని ఆవిడ అన్నారు. తెలిస్తే ఎందుకు కట్టలేదని అతను అడిగాడు. పాత ప్రోగ్రాముకు అక్కర్లేదు కాబట్టి అన్నారు. అబద్ధం ఉన్నచోట ఆవిడ గొంతు కొద్దిగా తగ్గుతుంది. ఆ మాట దగ్గర తగ్గింది. అతను గమనించి ఊరుకున్నాడు. ఆ మాత్రం మర్యాద ఉండొచ్చు. ఆ ముడీ కట్టాక నలభైసార్లు ఉత్తుత్తి బుకింగులు చేశారు, డ్రైవరు కోసం వెతకడం కావాలని ఆలస్యం చేసి కూడా చూశారు. నలభైకి నలభై నాలుగో మెట్టుదాకా దిగాయి.

శుక్రవారం మధ్యాహ్నం అమరేశ్వరరావు గారు తన ఫోను నుంచే బుక్ చేసుకున్నారు. పచ్చగా వచ్చింది. ఆ పచ్చదనాన్ని ఆయన నమ్మలేదట, తెరను ఫొటో తీసి కొడుక్కి పంపారు.

శనివారం మేం నలుగురం బల్ల చుట్టూ ఉన్నాం. ఎవరికీ ఫోను చెయ్యకూడదన్నది షరతు. శంకర్‌కి చెయ్యకూడదు, ఆయనకు చెయ్యకూడదు. విశాలాక్షి గారు రెండు ఫోన్లనూ బోర్లించి, వాటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. జీవితంలో నేను చాలా రేవుల్లో ఓడల కోసం కాచుకున్నాను, ఒక ఎర్ర సముద్రపు ఊళ్లో తొమ్మిది రోజులు. ఇంత పొడుగ్గా ఏదీ అనిపించలేదు. కారు రావాల్సిన వేళ దాటి నాలుగు నిమిషాలైంది. కిరీటి లాగ్ తెరవబోతే ఆవిడ వద్దన్నారు. చూస్తే ఫోను చెయ్యాలనిపిస్తుందట. ఏడు నిమిషాలైంది. నీరజ గోళ్లు కొరుకుతోంది. తొమ్మిదో నిమిషంలో, శంకర్ తన ఫోనులో నొక్కగానే, తెర మీద ఒక వరస మారింది. 'ఎక్కారు.'

కాసేపటికి ఫోను మోగింది. ఓక్‌విల్ నుంచి అచ్యుత్.

"ఆంటీ, నాన్న కార్లో ఉన్నారట. నిజం చెప్పండి, మీరు డ్రైవర్‌కి కాల్ చేశారా?"

"లేదు."

"ఎవరూ చెయ్యలేదా?"

"మీ నాన్నగారిని అడుగు. శంకర్‌ని అడుగు. నా మాటమీద నమ్మమని నేను అనను."

అచ్యుత్ ఇంతటితో వదల్లేదు. వచ్చే శనివారం కూడా చూస్తానన్నాడు. టికెట్ క్యాన్సిల్ చేస్తానని చెప్పలేదు, తేదీ మారుస్తానన్నాడు. ఆవిడ చూసుకోమన్నారు. ఎన్ని శనివారాలైనా చూసుకోమన్నారు. ఫోను పెట్టేసి, నీరజ వైపు చూడకుండా నేరుగా అల్లుడివైపు తిరిగారు.

"ముందు ఆ 'నమోదైంది' తీసెయ్యండి."

"ఎందుకు అత్తమ్మా, ఇప్పుడు నిజంగనే నమోదవుతుంది కదా."

"అయిందని మీ పైథాన్ అనుకుంటోంది. అనుకోవడం చాలదు. ప్రొసీజరు వెళ్లొచ్చాక మళ్లీ రిజిస్టరు తెరిచి, ఆ వరసను చదివి, డ్రైవరు పేరుతో సహా తెర మీద చూపించాలి. పెద్దాయన పేరు చూసి నమ్మాలి గానీ రంగు చూసి కాదు."

"రెండుసార్లు డేటాబేస్‌కి పోవాలె. స్లో అయితది."

"ఎంత?"

"సెకన్‌లో పావు వంతు."

"ఆయన లాబీలో గంటన్నర కూర్చున్నారు" అన్నారు విశాలాక్షి గారు.

కిరీటి ఇంకో మాట అనబోయి, కుర్చీ బల్ల దగ్గరకు లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. ఆవిడ లేచి అతని వెనక నిలబడి, మూడో లైనుకే తప్పు పట్టారు.